రేపు ఇంటర్వ్యూ... ఈ రాత్రి విందు!

చేతిలో చిన్న చక్రాల సూట్‌కేసు. అందులో నలగకుండా మడిచిపెట్టిన నల్లకోటు. భుజాన ల్యాప్‌టాప్ సంచి. సంచి అడుగున అమ్మ కట్టిచ్చిన కారప్పొడి పొట్లం. రాత్రంతా బస్సులో ప్రయాణం. సాయంత్రం ఖరీదైన రెస్టారెంట్లో విందు. తెల్లారితే ఇంటర్వ్యూ. మళ్లీ బస్సు, మళ్లీ ఇంకో ఊరు! అమెరికాలో వైద్యులుగా స్థిరపడాలనుకునే మన పిల్లలు చాలా ఏళ్లపాటు చేసిన చలికాలపు యాత్ర ఇది. చూసేవాళ్లకు షికారులా ఉంటుంది. చేసేవాళ్లకు మాత్రం... ప్రతి ముద్దా ఓ పరీక్షే.

2018 డిసెంబరు. షికాగో నుంచి రాత్రి బయల్దేరిన బస్సు పొద్దున్నే క్లీవ్‌లాండ్‌లో ఆగింది. దిగినవాళ్లలో ఓ తెలుగమ్మాయి. పేరు ఏదైనా అనుకోండి. ఇలాంటి అమ్మాయిలూ అబ్బాయిలూ ఏటా ఎందరో ఉంటారు కాబట్టి, ఈమెను గుంటూరు వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివిన అమ్మాయి అనుకుందాం. నాన్న రిటైరైన టీచరు. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. ఇది ఆమెకు రెండో ప్రయత్నం. కిందటేడాది రెండే ఇంటర్వ్యూలు వచ్చాయి, సీటు రాలేదు. ఈసారి వచ్చినవి మూడు. క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్, బఫెలో. పది రోజుల్లో మూడు ఊళ్లు!

బస్సు దిగుతూనే చేతి గడియారం చూసుకుంది. ఆరు. గోడమీద గడియారం ఏడు చూపిస్తోంది. షికాగోకీ క్లీవ్‌లాండ్‌కీ మధ్య గంట తేడా. సెల్‌ఫోను దానంతటదే మారిపోయింది. నాన్న కొనిచ్చిన గడియారానికి ఆ సంగతి తెలీదు. ఇంటర్వ్యూ రోజున ఇదే పొరపాటు చేస్తే? అక్కడే నిలబడి ముల్లు గంట ముందుకు తిప్పింది.

ర్యాంకు ఒక్కటే చాలదు

మన దగ్గర పీజీ సీటంటే లెక్క సూటిగా ఉంటుంది. నీట్ పీజీ రాయాలి, ర్యాంకు రావాలి, కౌన్సెలింగ్‌కు వెళ్లాలి. అభ్యర్థి నవ్వుతాడా, నలుగురితో కలుస్తాడా అని ఎవరూ అడగరు.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ పీజీని రెసిడెన్సీ అంటారు. విదేశాల్లో చదివినవారు ముందు యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు దాటాలి. 1956లో ఏర్పాటైన ఈసీఎఫ్ఎంజీ అనే సంస్థ నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అప్పట్లో రోగితో మాట్లాడే తీరును పరీక్షించే ‘క్లినికల్ స్కిల్స్’ పరీక్ష కూడా ఉండేది. దాన్ని అమెరికాలోని ఐదు నగరాల్లోనే పెట్టేవారు. కొవిడ్‌తో 2020లో ఆగిపోయిన ఆ పరీక్షను 2021లో పూర్తిగా రద్దు చేశారు. అన్నిటికంటే ముందు వీసా! 2008లో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా మనవాళ్లు చెన్నై రైలెక్కాల్సిందే.

ఇవన్నీ దాటాక దేశం నలుమూలలా ఉన్న ఆసుపత్రులకు దరఖాస్తులు పెట్టాలి. విదేశీ పట్టభద్రులు వందకు పైగా పెట్టడం మామూలే. వాటిలో పిలుపు వచ్చేది ఏ నాలుగైదింటి నుంచో. అక్టోబరు నుంచి జనవరి దాకా ఇంటర్వ్యూల కాలం. ప్రయాణం ఖర్చు అభ్యర్థిదే. కొన్ని ఆసుపత్రులు ఒకరాత్రి బస ఇస్తాయి. కానీ ఇంటర్వ్యూకు ముందురోజు రాత్రి భోజనం మాత్రం చాలాచోట్ల వాళ్లే పెట్టేవారు. అక్కడ ఇప్పటికే పనిచేస్తున్న రెసిడెంట్లు అభ్యర్థులను మంచి రెస్టారెంటుకు తీసుకెళ్తారు. పెద్ద డాక్టర్లు రారు. బిల్లు ఆసుపత్రిది. ‘ఊరికే కలిసి భోంచేద్దాం, ఇది ఇంటర్వ్యూ కాదు’ అని ఈ-మెయిల్లో రాస్తారు.

నమ్మారా... అంతే సంగతులు!

రొట్టె ఎవరిది?

షికాగోలో ఆమె ఉంటున్నది డెవాన్ అవెన్యూకు దగ్గర్లో, ముగ్గురు సీనియర్లు కలిసి అద్దెకు తీసుకున్న ఫ్లాట్‌లో. డెవాన్ అంటే ఇడ్లీ, దోసె, చీరల దుకాణాలు, కిరాణా కొట్లు. అందులో కొంత భాగానికి గాంధీ పేరే పెట్టారు. ఆ ఫ్లాట్‌లో ఓ అక్క వారం రోజులు శిక్షణ ఇచ్చింది. ‘‘రుమాలు ఒళ్లో వేసుకో. ఫోర్కులు బయట నుంచి లోపలికి వాడుకుంటూ రా. రొట్టె ఎడమపక్క, నీళ్లు కుడిపక్క. అన్నిటికంటే ఖరీదైంది అడక్కు. చేతికి అంటుకునేది అసలే వద్దు. తినడం అయిపోతే కత్తీ ఫోర్కూ పక్కపక్కన పెట్టు. వైన్ వద్దంటే వద్దని చెప్పు, ఎవరూ బలవంతపెట్టరు.’’

క్లీవ్‌లాండ్‌లో పెద్ద ఆసుపత్రులున్న ప్రాంతం పక్కనే లిటిల్ ఇటలీ ఉంది. ఇటలీ నుంచి వలసవచ్చిన శిల్పులూ కూలీలూ వందేళ్ల కిందట కట్టుకున్న పేట. ఇటుక గోడలు, ఇరుకు వీధులు, గాలిలో వెల్లుల్లి వాసన. విందు అక్కడే. తెల్లటి బల్లగుడ్డ, కొవ్వొత్తి, గ్లాసులే మూడు రకాలు. బల్లచుట్టూ పదిమంది. ఆమె అన్నీ గుర్తుచేసుకుంది. రుమాలు ఒళ్లో వేసుకుంది. రొట్టె తీసుకుంది... కుడిపక్కది! అది పక్కనున్న రెసిడెంటుది. అతను ఏమీ అనకుండా బుట్టలోంచి ఇంకోటి తీసుకున్నాడు. కానీ ఆమె చెవులు ఎర్రబడిపోయాయి.

‘‘ఆసుపత్రి బయట మీకు ఏమంటే ఇష్టం?’’ అని ఎవరో అడిగారు. ‘‘పుస్తకాలు చదవడం, ప్రయాణాలు’’ అంది. బట్టీపట్టిన జవాబు. ‘‘ఓ, బావుంది’’ అన్నారు. మాట అక్కడే ఆగిపోయింది. పాస్తాను ఫోర్కుకు చుట్టడం చేతకాక సగం వదిలేసింది. 

హోటల్ గదికి చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. గుంటూరులో పొద్దున ఎనిమిది. ఫోన్లో అమ్మ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే.

‘‘ఏం తిన్నావే?’’

‘‘ఇటాలియన్ భోజనమమ్మా. చాలా పెద్ద హోటలు’’ అంది. ఫోను పెట్టేశాక పొద్దున బస్‌స్టేషన్లో కొన్న బ్రెడ్డు తీసి కారప్పొడి చల్లుకుని తింది.

మర్నాడు ఇంటర్వ్యూ బాగానే జరిగింది. కేసులు చర్చించే సమావేశంలో కూర్చోబెట్టారు. వార్డులు చూపించారు. ముగ్గురు డాక్టర్లు విడివిడిగా మాట్లాడారు. అడిగినవాటికి జవాబు చెప్పింది. అయినా ఏదో వెలితి. వచ్చింది తను కాదేమో, తన కోటు వేసుకున్న ఇంకెవరో అన్నట్టు!

మూడు నదుల ఊరిలో ఓ మాట

క్లీవ్‌లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాదాపు 210 కిలోమీటర్లు. అలెఘనీ, మొనాంగహేల నదులు కలిసి ఒహాయో నదిగా మారేది ఈ ఊళ్లోనే. కొండలు, సొరంగాలు, నాలుగు వందలకు పైగా వంతెనలు. ఒకప్పుడు ఉక్కు కొలిమి. పొగ కమ్మి పట్టపగలే వీధి దీపాలు వెలిగించిన రోజులున్నాయి. కొలిమిలు చల్లారాక ఊరిని నిలబెట్టింది ఆసుపత్రులూ విశ్వవిద్యాలయాలూ. వైద్యులకైతే ఇది ఇంకో రకంగా పుణ్యక్షేత్రం. జోనస్ సాక్ పోలియో టీకా తయారుచేసింది ఇక్కడే. అది బాగా పనిచేస్తుందని 1955లో ప్రపంచానికి తెలిసింది.

పుణ్యక్షేత్రమంటే... నిజంగానే ఒకటుంది. ఊరి శివార్లలో పెన్‌హిల్స్ గుట్టమీద తెల్లటి గోపురం. తిరుమల ఆలయాన్ని తలచుకుంటూ 1970ల్లో కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి. అమెరికాలోని తొలితరం హిందూ ఆలయాల్లో అదొకటి. విందుకు ఇంకా సమయం ఉందని ఆమె అక్కడికి వెళ్లింది. మెట్లమీద మంచు. లోపల పులిహోర వాసన! దణ్ణం పెట్టుకుని, కింద భోజనశాలలో పులిహోర తిని, కాసేపు ఊరికే కూర్చుంది.

సాయంత్రం విందు మౌంట్ వాషింగ్టన్ మీద. ఆ కొండ ఎక్కడానికి తాడుతో లాగే ఏటవాలు రైలుపెట్టెలున్నాయి. ఒకటి 1870లో, ఇంకొకటి 1877లో మొదలై నేటికీ నడుస్తున్నాయి. పైన అద్దాల గోడ పక్కన బల్ల. కింద మూడు నదులు, వంతెనల దీపాలు. పళ్లెంలో చేప. ఈసారి రొట్టె సరైనదే తీసుకుంది. ఫోర్కులూ తప్పలేదు. మాట మాత్రం పెగల్లేదు.

బయటికి వచ్చాక రెసిడెంట్లలో ఒకాయన ఆగాడు. బల్ల దగ్గర అంతసేపూ ఇంగ్లిషులోనే మాట్లాడిన మనిషి.

‘‘ఏ కాలేజీ అమ్మా?’’ అన్నాడు తెలుగులో.

‘‘గుంటూరు, సర్.’’

‘‘సర్ ఏంటి! అన్నా అను చాలు. నాది వరంగల్ కాకతీయ. ఒక మాట చెప్తా, ఏమనుకోకు. మేము ఫోర్కు ఎట్లా పట్టుకున్నావని చూడం. ఇంటికి పోయినంక మేమందరం ఒక్కటే ప్రశ్న వేసుకుంటం. రాత్రి మూడు గంటలకు వార్డులో ఈ మనిషి పక్కనుంటే మాకు ధైర్యంగా ఉంటదా, లేదా? అంతే. నువ్వు రెండు గంటల్లో నీ గురించి ఒక్క ముక్క చెప్పలే.’’

ఆ విందుల గుట్టంతా ఆ ఒక్క మాటలో ఉంది. రెసిడెంట్ల పనివేళలు వారానికి సగటున 80 గంటలు దాటకూడదని 2003లో అమెరికా అంతటా నియమం పెట్టారు. నియమం పెట్టాకే 80 అంటే, బంధువులకంటే తోటి రెసిడెంట్లతోనే ఎక్కువ కాలం గడుస్తుందన్నమాట. మూడేళ్లు పక్కన కూర్చునే మనిషిని మార్కుల జాబితా చూసి ఎవరు ఎంచుకుంటారు? అందుకే అన్నం పెట్టి చూస్తారు. అభ్యర్థికి కూడా అదే అవకాశం. ఇంటద్దె ఎంత, రాత్రి డ్యూటీలు ఎన్ని, పెద్ద డాక్టర్లు అరుస్తారా, బియ్యం ఎక్కడ దొరుకుతాయి... ఇవన్నీ ఇంటర్వ్యూ గదిలో అడగలేరు. బల్ల దగ్గరే అడగాలి.

వేళ్లు నాకిన రాత్రి

బఫెలో. ఈరీ సరస్సు తూర్పు కొసన ఉన్న ఊరు. చలికాలం మొదట్లో సరస్సు నీళ్లు ఇంకా గడ్డకట్టవు. పడమటి నుంచి వచ్చే చల్లగాలి ఆ నీటిమీదుగా తేమను మోసుకొచ్చి ఊరిమీద మంచుగా కుమ్మరిస్తుంది. ఒక వీధిలో మోకాలిలోతు, నాలుగు మైళ్ల అవతల ఎండ! బస్సు రెండు గంటలు ఆలస్యం. సూట్‌కేసు పెట్టే వ్యవధి కూడా లేక, దాన్ని ఈడ్చుకుంటూనే విందుకు చేరింది.

చూస్తే తెల్లగుడ్డ లేదు, కొవ్వొత్తి లేదు. చెక్క బల్లలు, టీవీలో ఫుట్‌బాల్ గోల. బల్ల నడుమ పెద్ద పళ్లేల్లో ఎర్రగా మెరుస్తున్న కోడిరెక్కలు. బఫెలో పేరు ప్రపంచానికి తెలిసింది నయాగరా జలపాతానికి దగ్గరి ఊరిగానే కాదు, ఈ ‘వింగ్స్’ వల్ల కూడా. 1964లో ఇక్కడి యాంకర్ బార్‌లో తెరెసా బెలిసిమో అనే ఇల్లాలు కోడిరెక్కలను నూనెలో వేయించి, కారం సాస్‌లో దొర్లించి పెట్టిందని చెబుతారు. పక్కన సెలరీ కాడలు, బ్లూ చీజ్. అక్క చెప్పిన జాగ్రత్త గుర్తొచ్చింది... చేతికి అంటుకునేది అసలే వద్దు! కానీ బల్లచుట్టూ ఉన్న డాక్టర్లందరూ చేతులతోనే తింటున్నారు. మోచేతుల దాకా సాస్.

‘‘జాగ్రత్త, బాగా కారం’’ అందో రెసిడెంటు.

ఆమె ఒకటి తీసుకుంది. కొరికింది. నమిలింది. నవ్వొచ్చింది. ‘‘మా ఊరి పేరుతోనే ఓ మిరపకాయ రకం ఉంది’’ అంది. అందరూ తలలు తిప్పారు. సంచిలోంచి కారప్పొడి పొట్లం బయటికి వచ్చింది! ఒకాయన చిటికెడు నోట్లో వేసుకుని రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. బల్లంతా ఒకటే నవ్వులు.

తర్వాత మాట ఆగలేదు. మిరప పొలాల నుంచి పురుగుమందులకు వెళ్లింది. పురుగుమందు తాగినవాళ్లను అర్ధరాత్రి పెద్దాసుపత్రికి మోసుకొచ్చే రోజుల గురించి చెప్పింది. కన్నుపాపలు సూదిమొనంత అయిపోతాయి. నోట నురగ, ఊపిరితిత్తుల నిండా నీరు. అట్రోపిన్ ఎక్కించాలి. గుండెమీద స్టెతస్కోపు పెట్టి, ఊపిరిలో గురగుర తగ్గిందో లేదో వింటూ మోతాదు పెంచుకుంటూ పోవాలి. హౌస్‌సర్జన్‌గా అలా తెల్లవార్లూ ఒకే మంచం పక్కన నిలబడిన రాత్రులు ఆమెకు లెక్కలేదు. ఓ రైతు తెల్లారి కళ్లు తెరిచి, ‘‘అమ్మాయ్, నువ్వు పడుకోలేదా?’’ అని అడగడమూ చెప్పింది.

నవ్వులు ఆగాయి. ఎదుటనున్న రెసిడెంటు మెల్లగా అంది. ‘‘మాకూ రాత్రుళ్లు సూదిమొన కన్నుపాపలే వస్తాయి. మావి నల్లమందు జాతి మందులు. మేం నాలాక్సోన్ ఇస్తాం.’’ అప్పటికి అమెరికాలో ఆ మందుల మోతాదు మించి చనిపోయేవారు ఏటా వేలల్లో ఉన్నారు. రెండు దేశాలు, రెండు విషాలు, ఒకేలా కుంచించుకుపోయిన కన్నుపాప. ఆ రాత్రి బల్ల దగ్గర డాక్టర్లు మాత్రమే మిగిలారు. పరీక్షించేవాళ్లూ లేరు, పరీక్ష రాసేవాళ్లూ లేరు.

ఫోన్లో అమ్మ అడిగింది. ‘‘ఏం తిన్నావే?’’

‘‘చేత్తో తిన్నానమ్మా!’’ అంది.

పెళ్లిచూపుల లెక్క

ఇంటర్వ్యూలు అయ్యాక అసలు తిరకాసు. అభ్యర్థి తనకు నచ్చిన వరుసలో ఆసుపత్రుల జాబితా ఇవ్వాలి. ఆసుపత్రులూ తమకు నచ్చిన వరుసలో అభ్యర్థుల జాబితా ఇస్తాయి. ఎవరి జాబితా ఎవరికీ తెలీదు. అడగకూడదు కూడా. అచ్చంగా పెళ్లిచూపులే! ఈ ‘మ్యాచ్’ పద్ధతి 1952 నుంచి నడుస్తోంది. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే గణితవేత్తలు ఇలాంటి జతలు నిలవాలంటే ఎలా కలపాలో ఒక వ్యాసంలో తేల్చారు. ఆ వ్యాసం పేరులోనే పెళ్లి ప్రస్తావన ఉంది. డాక్టర్ల మ్యాచ్ కూడా అదే సూత్రంతో నడుస్తోందని తర్వాత ఆల్విన్ రాత్ చూపించారు. 1998 నుంచి అభ్యర్థుల కోరికకు మొగ్గు ఉండేలా లెక్కను సవరించింది కూడా ఆయన బృందమే. 2012లో షాప్లీకీ రాత్‌కీ కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది.

లెక్క ఎంత గొప్పదైనా అందరికీ జత దొరకదు. అమెరికా పౌరసత్వం లేని విదేశీ పట్టభద్రుల్లో సీటు దక్కేది పదిమందిలో దాదాపు ఆరుగురికే. మార్చిలో ఓ సోమవారం ‘వచ్చింది’ లేదా ‘రాలేదు’ అని మాత్రమే చెబుతారు. ఎక్కడ అన్నది శుక్రవారం! 2019 మార్చిలో ఆ సోమవారం గుంటూరులో రాత్రి. నాన్న భోజనం ముందు కూర్చుని కంచం ముట్టలేదు. ‘వచ్చింది’ అని తెలిశాక కూడా కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘‘సరేనమ్మా... ముందు ఏమైనా తిను’’ అన్నాడు. శుక్రవారం ఊరి పేరు తెలిసింది. ఆమె జాబితాలో మొదట రాసిందే. బఫెలో.

తెరమీద విందు

ఏడాది తిరక్కుండానే కొవిడ్ వచ్చింది. 2020 చలికాలంలో ఇంటర్వ్యూలన్నీ తెరమీదికి వెళ్లాయి. నేటికీ ఎక్కువ ఆసుపత్రులు ఆ పద్ధతిలోనే ఉన్నాయి. లాభం లేకపోలేదు. బస్సులు లేవు, హోటళ్లు లేవు, మంచులో సూట్‌కేసు ఈడ్చుకెళ్లడం లేదు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టిన నాన్నలకు అది చిన్న ఊరట కాదు. పోయింది ఏమిటంటే, మూడేళ్లు బతకబోయే ఊరి గాలి, వాసన, ఆ ఊరివాళ్ల బల్ల.

2020 డిసెంబరులో ఓ సాయంత్రం, బఫెలోలో ఏడు గంటలు. ఆమె ఇప్పుడు రెండో ఏడాది రెసిడెంటు. మధ్యలో కొవిడ్ వార్డులు చూసింది. కంప్యూటర్ తెరమీద ఎనిమిది చిన్న గళ్లలో ఎనిమిది మంది అభ్యర్థులు. విందు బదులు ‘పరిచయ సమావేశం’. ఎవరి ముందూ పళ్లెం లేదు. ఓ గడిలో విజయవాడ కుర్రాడు. అక్కడ తెల్లవారుజామున ఐదున్నర. కోటూ టై కట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు.

‘‘ఆసుపత్రి బయట మీకు ఏమంటే ఇష్టం?’’ అని ఎవరో అడిగారు.

‘‘పుస్తకాలు చదవడం, ప్రయాణాలు’’ అన్నాడు.

మాట ఆగిపోబోయింది. ఆమె మైకు నొక్కి అందుకుంది. ‘‘అది సరే గానీ, ఈ సమావేశం అయ్యాక మీ ఇంట్లో ఏం తినబోతున్నారు?’’

కుర్రాడు తడబడ్డాడు. వెనక్కి తిరిగి వంటింటి వైపు చూశాడు. భుజాలు కాస్త వదులయ్యాయి. పెసరట్టు అంటే ఏమిటో, అందులో అల్లం ఎందుకు వేస్తారో, వాళ్లమ్మ అంత పొద్దున్నే ఎందుకు లేచి కూర్చుందో ఎనిమిది గళ్లకూ చెప్పడం మొదలుపెట్టాడు.